కారణం చెప్పని రౌడీషీటు

2014 నవంబరులో నంద్యాల పోలీసులు తమ ఊరి ఎమ్మెల్యే మీదే రౌడీషీటు తెరిచారు. పురపాలక సంఘ సమావేశంలో రేగిన గొడవ, దాని వెంట నమోదైన కేసులు అందుకు నేపథ్యం. భూమా నాగిరెడ్డి అప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభ్యుడు. రాష్ట్రంలో అధికారం తెలుగుదేశానిది. ఇది కక్షసాధింపని ఆయన పార్టీ మండిపడింది. చట్టం తన పని తాను చేసుకుపోతుందని అవతలి పక్షం అంది. 2016 ఫిబ్రవరిలో ఆయన అధికార పార్టీలోనే చేరారు, 2017 మార్చిలో కన్నుమూశారు. ఆ షీటు న్యాయమైనదా, అన్యాయమైనదా అన్న తగువులోకి నేను దిగను. పోలీసుల మాటే నిజమై ఉండొచ్చు, కక్ష అన్న మాటా నిజమై ఉండొచ్చు. ఏది నిజమో తేల్చుకునే దారి నంద్యాల ఓటరుకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. షీటు తెరిచే ముందు ఎవరినీ వినాల్సిన పని లేదు. తెరిచాక కారణాలు రాసి చేతికివ్వాల్సిన పనీ లేదు. ఎమ్మెల్యే స్థాయి మనిషి విషయంలోనే పరిస్థితి ఇలా ఉంటే, ఆళ్లగడ్డ పక్క పల్లెలో పార్టీ జెండా మోసిన కూలివాడి గతేమిటి?

రౌడీషీటుకు పుట్టుక శాసనసభ చేసిన చట్టంలో లేదు. పోలీసు శాఖ తన సిబ్బంది కోసం రాసుకున్న స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలకు అలవాటుపడ్డవారినీ, ప్రేరేపించేవారినీ రౌడీలుగా వర్గీకరించి, డీఎస్పీ స్థాయి అధికారి ఉత్తర్వుతో షీటు తెరవొచ్చని అందులో ఉంది. కొన్నేళ్లుగా కొత్త కేసు లేకపోయినా, మనిషి ప్రమాదకరమని అధికారి అనుకుంటే కొనసాగించే వెసులుబాటు కూడా ఉంది. కాగితం మీద ఇది పోలీసుల లోపలి రికార్డు. ఊళ్లోకి వచ్చేసరికి దాని రూపమే వేరు. ఆదివారం పొద్దున స్టేషనుకు రమ్మని కబురొస్తుంది. అక్కడ వరసలో నిలబెట్టి ఫొటోలు తీస్తారు, కౌన్సెలింగ్ అంటారు. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. వినాయక నిమజ్జనమైనా, పెద్ద నాయకుడి పర్యటనైనా ముందు వెతికేది ఆ జాబితాలోని పేర్లనే. పాస్‌పోర్టు విచారణలో, ఉద్యోగ విచారణలో అది అడ్డం పడుతుంది. పత్రికలో పేరు పక్కన ‘రౌడీషీటర్’ అని పడితే ఆ మనిషి కొడుక్కి పిల్లనిచ్చేవాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. కేసుల్లో కోర్టు నిర్దోషి అన్నా షీటు దానంతటదే మూతపడదు. కోర్టు శిక్ష వేయని మనిషి కూడా జీవితాంతం శిక్ష అనుభవించే ఏర్పాటు ఇది.

ఇలాంటి జాబితాల గురించి గట్టి ఆలోచన జరిగింది మన దగ్గర కాదు, ఐరోపాలో. అది కూడా రౌడీల విషయంలో కాదు, అంతకంటే వెయ్యి రెట్లు భయపెట్టే ఉగ్రవాదం విషయంలో. 1999లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1267 నంబరు తీర్మానంతో తాలిబన్ల మీద ఆంక్షలు పెట్టింది. తరువాతి తీర్మానాలతో అల్ ఖైదా, దానికి డబ్బు సాయం చేస్తున్నారని అనుమానించిన వ్యక్తులు అందులోకి వచ్చారు. జాబితాలో పేరెక్కితే సభ్యదేశాలన్నీ ఆ మనిషి ఆస్తులను స్తంభింపజేయాలి. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 దాడులు జరిగిన నెలకు, 2001 అక్టోబరులో, సౌదీ వ్యాపారి యాసిన్ అబ్దుల్లా కాడీ పేరు అందులో చేరింది. ఐరోపా సంఘం తన నిబంధనలతో దాన్ని అమలు చేసింది. ఐరోపాలో ఆయనకున్న డబ్బంతా ఒక్కరోజులో బిగుసుకుపోయింది. ఏ కోర్టూ ఆయన్ని దోషి అనలేదు. ఎందుకు చేర్చారని అడిగితే చెప్పే అధికారి లేడు. ఆయన లక్సెంబర్గ్‌లోని ఐరోపా కోర్టు తలుపు తట్టాడు. 2005లో కింది న్యాయస్థానం తోసిపుచ్చింది. భద్రతామండలి నిర్ణయాన్ని తాము పరిశీలించడమంటే ప్రపంచ వ్యవస్థనే ప్రశ్నించడమని దాని భావం.

2008 సెప్టెంబరు 3న పై కోర్టు ఆ తీర్పును తలకిందులు చేసింది. భద్రతామండలి తీర్మానం చెల్లుతుందా అన్న జోలికి అది పోలేదు. ఐరోపా సంఘం చట్టాన్ని అమలు చేసే ప్రతి చర్యా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలి, ఆ చర్యకు మూలం న్యూయార్క్‌లో ఉన్నా సరే అని తేల్చింది. కాడీకి కారణాలు చెప్పలేదు కాబట్టి తన వాదన వినిపించుకునే హక్కు పోయింది. కారణాలు తెలియని మనిషి కోర్టులో ఏం వాదిస్తాడు? కాబట్టి న్యాయస్థానం రక్షణ కూడా పోయింది, ఆస్తి హక్కూ దెబ్బతిన్నది. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఆ తీర్పులో మరొకటి ఉంది. మొదటిసారి ఆస్తులు స్తంభింపజేసే ముందు నోటీసు ఇవ్వాల్సిన అవసరం లేదని కోర్టు ఒప్పుకుంది. ముందే చెబితే డబ్బు మాయమవుతుంది, చర్య పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. కానీ చర్య తీసుకున్నాక, వీలైనంత త్వరగా కారణాలు చెప్పాలి, జవాబు వినాలి, కోర్టు పరిశీలించగలగాలి అంది. పోలీసులకు కావలసిన ఆకస్మికతను, పౌరుడికి కావలసిన జవాబు హక్కును ఒకే చట్రంలో ఇమిడ్చిన పద్ధతి ఇది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కోర్టు ఇచ్చిన మూడు నెలల గడువులోనే ఐరోపా కమిషన్ కారణాల సంగ్రహం ఒకటి పంపించి, కాడీ జవాబును పక్కనపెట్టి, మళ్లీ ఆయన పేరే చేర్చింది. ఆయన మళ్లీ కోర్టుకెక్కాడు. 2013 జూలై 18న వచ్చిన రెండో తీర్పు మొదటిదానికంటే లోతుగా వెళ్లింది. చెప్పిన కారణాలను న్యాయమూర్తులు ఒక్కొక్కటిగా తీసి చూశారు. ఒకటి మరీ అస్పష్టంగా ఉందన్నారు. మిగతావి స్పష్టంగానే ఉన్నా వాటిని నిలబెట్టే ఆధారం ముందు పెట్టలేదన్నారు. జాబితాలో ఉంచడానికి కనీసం ఒక్క కారణమైనా ఆధారంతో నిలవాలి, ఆ భారం అధికారులదే, తను తప్పు చేయలేదని నిరూపించుకోవలసిన పని పౌరుడికి లేదు అని తేల్చారు. అప్పటికే, 2012 అక్టోబరులో, ఐక్యరాజ్యసమితే ఆయన పేరు తీసేసింది. ఈ కేసుల ఒత్తిడి ఫలితంగానే 2009లో భద్రతామండలి తన జాబితా మీద ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌పర్సన్ అనే పదవిని సృష్టించింది. కోర్టులు తలదూరిస్తే ఉగ్రవాదంపై పోరు కుప్పకూలుతుందని భయపెట్టినవాళ్లున్నారు. ఆంక్షల వ్యవస్థ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కాకపోతే ఇప్పుడు కారణాలు రాయాల్సి వస్తోంది.

ఈ జాబితాలు మనిషి బతుకును ఎలా పట్టుకుంటాయో చూడాలంటే రెండు చిన్న సంగతులు చాలు. బ్రిటన్‌లో జాబితాకెక్కినవాళ్ల భార్యలకు ప్రభుత్వం ఇచ్చే సంక్షేమ భృతి మీద కూడా ఖజానా శాఖ షరతులు పెట్టింది. ఇంట్లో ఒక్కో మనిషికి పది పౌండ్లకు మించి నగదు తీయకూడదు. మిగతా ఖర్చంతా కార్డు మీదే జరగాలి. నెల తిరిగేసరికి దేనికెంత ఖర్చయిందో రసీదులతో సహా లెక్క పంపాలి. పాలు, రొట్టె కొన్న చీటీలు ఉగ్రవాద నిరోధానికి సాక్ష్యాలయ్యాయి. భర్త తినే తిండి కూడా ‘నిధులు అందజేయడమే’ అన్న వాదన మీద నడిచిన ఈ ఏర్పాటును 2010లో ఐరోపా కోర్టు కొట్టేసింది. రెండోది యూసఫ్ నదా అనే వృద్ధుడిది. ఆయన ఉండే కాంపియోనె ఇటలీకి చెందిన ఊరు, కానీ చుట్టూ స్విట్జర్లాండ్ నేల. ఊరి విస్తీర్ణం 1.6 చదరపు కిలోమీటర్లు. జాబితాలో పేరుంది కాబట్టి స్విస్ నేల మీద అడుగు పెట్టకూడదన్నారు. వైద్యానికీ, బంధువుల ఇళ్లకూ వెళ్లలేక ఏళ్ల తరబడి ఆ ఊళ్లోనే చిక్కుపడ్డాడు. స్విస్ ప్రాసిక్యూటర్లు ఆయనపై దర్యాప్తు 2005లోనే మూసేశారు. జాబితా నుంచి పేరు పోయింది 2009లో. ఆయన హక్కులకు భంగం జరిగిందని స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు చెప్పింది 2012లో. జైలు గోడ లేకుండానే జైలు అంటే అదే. ఎన్నికల నెలలో మండలం దాటితే స్టేషనులో చెప్పి పోవలసిన సీమ మనిషికి ఆ బాధ వివరించనక్కర్లేదు.

మన రాజ్యాంగం ఈ విషయంలో ఐరోపాకు తీసిపోయిందేమీ కాదు. నిర్బంధంలోకి తీసుకున్న మనిషికి కారణాలు తెలపాలనీ, విన్నపం చేసుకునే అవకాశం ఇవ్వాలనీ 22వ అధికరణం ఐదో క్లాజు చెబుతుంది. మన రాష్ట్రంలో పీడీ యాక్టుగా అందరికీ తెలిసిన 1986 నాటి చట్టం కింద విచారణ లేకుండా ఒకరిని జైల్లో పెట్టినా, ఐదు రోజుల్లోగా కారణాలు అందజేయాలి. విషయం సలహా మండలి ముందుకు వెళ్లాలి. నిర్బంధం 12 నెలలకు మించకూడదు. ఆ చట్టాన్ని విచ్చలవిడిగా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లో అమీనా బేగం కేసులో తెలంగాణ పోలీసులను తీవ్రంగా మందలించింది. సలహా మండళ్లు రబ్బరు ముద్రలు కాకూడదని 2024 మార్చిలో నేనావత్ బుజ్జి కేసులో చెప్పింది. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. విచారణ లేకుండా ఏడాది జైల్లో ఉంచే కఠిన చట్టంలో కారణం చెప్పే గడువుంది, పైన చూసేవాళ్లున్నారు, ముగిసే తేదీ ఉంది. బతికినంతకాలం వెంటాడగల రౌడీషీటుకు ఈ మూడూ లేవు. పెద్ద అధికారానికి కళ్లెం వేసి చిన్న అధికారాన్ని విడిచిపెట్టామని ఎవరైనా అంటే, ఆ చిన్న అధికారమే ఎక్కువమంది మీద, ఎక్కువకాలం సాగుతోందని గుర్తుచేయాలి.

అయినా సుప్రీంకోర్టు షీట్ల విషయంలో అంత దూరం పోలేదు. 1962 డిసెంబరులో ఖడక్ సింగ్ కేసులో ఉత్తరప్రదేశ్ పోలీసులు అర్ధరాత్రి ఇళ్ల తలుపులు తట్టడాన్ని కొట్టేసింది. ఆ నిబంధనలు చట్టం కావు, శాఖాపరమైన సూచనలు మాత్రమే అన్నది అక్కడి కీలకం. 1978లో మేనకాగాంధీ కేసు వచ్చింది. పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నాక అయినా సరే మనిషి మాట వినాలన్న సూత్రం అందులో గట్టిపడింది. లక్సెంబర్గ్ జడ్జీలు 2008లో చెప్పిన ‘ముందు చర్య, వెంటనే జవాబు’ అన్న పద్ధతి మనకు ముప్పై ఏళ్ల ముందే దొరికిందన్నమాట. కానీ 1981లో మలక్ సింగ్ కేసుకు వచ్చేసరికి తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి వేరే దారి పట్టారు. నిఘా రిజిస్టరులో పేరు ఎక్కించే ముందు వినాలంటే నిఘా ఉద్దేశమే దెబ్బతింటుందన్నారు. అదే సమయంలో, నిఘా మనిషి స్వేచ్ఛను, గౌరవాన్ని తొక్కేసేలా ఉండకూడదనీ, అధికారికి సహేతుకమైన నమ్మకం ఉండాలనీ గీత గీశారు. రిజిస్టర్లు తెప్పించుకుని జడ్జీలే చూసి తృప్తిపడ్డారు. పౌరహక్కుల విషయంలో అంత విశాలంగా ఆలోచించిన న్యాయమూర్తి ఈ ఒక్కచోట సగం దూరంలో ఆగిపోయారని నా అభిప్రాయం. ఫైలును జడ్జి చూడడం ఒకటి, ఆ ఫైలులో ఉన్న మనిషి దానికి బదులు చెప్పడం మరొకటి. పేరు ఒకటే అయిన ఇద్దరిలో ఎవరి కేసు ఎవరి షీటులోకి ఎక్కిందో ఆ మనిషి చెప్పాలి గానీ జడ్జికి ఎలా తెలుస్తుంది?

నిఘా రహస్యం అన్న వాదననే తీసుకుందాం, ఎందుకంటే అసలు బలమంతా దాని మీదే ఆనుకుని ఉంది. రహస్యంగా గమనిస్తున్నామని మనిషికి తెలిస్తే జాగ్రత్తపడతాడు, నిజమే. కానీ మన దగ్గర షీటు రహస్యమా? షీటున్నవాళ్లను ఆదివారం పూట అందరూ చూస్తుండగా స్టేషను ఆవరణలో కూర్చోబెడతారు. ఎస్పీ వచ్చి హితబోధ చేసిన ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. ఫలానా స్టేషను పరిధిలో ఇంతమంది రౌడీషీటర్లని ఎన్నికల ముందు అధికారులే ప్రకటిస్తారు. పేరు ఊరందరికీ తెలుసు, కారణం మాత్రం ఆ ఒక్కడికే తెలియదు. ఇలాంటప్పుడు రహస్యం కాపాడుతున్నది నిఘాను కాదు, రాసిన అధికారిని. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, హిస్టరీ షీటు పోలీసుల లోపలి పత్రమే తప్ప బయటపెట్టేది కాదని స్పష్టం చేసింది. మైనరు పిల్లల వివరాలు అందులో ఎక్కించొద్దంది. వెనుకబడిన కులాలు, తెగల అమాయకుల పేర్లు మూసపద్ధతిలో ఎక్కుతున్నాయన్న ఆందోళననూ అన్ని రాష్ట్రాల ముందు పెట్టింది. లోపలి పత్రమంటే లోపలే ఉంచాలి. బయట వాడితే జవాబు చెప్పాలి. రెండింటి మధ్య వేళ్లాడే వీలు పోలీసులకు ఉండకూడదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. అది రాయలసీమ నుంచే వస్తుంది. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు, అహోబిలం పోయే దారిలో ఉన్న ఊరు. బయటి ప్రపంచం మాత్రం దాన్ని వర్గపోరుతోనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది. నాటుబాంబులు, వేటకొడవళ్లు, ఒక చావుకు మరో చావు జమకట్టిన పల్లెలు ఈ నేలలో ఉన్నాయి. సాక్షి కోర్టు మెట్లెక్కేలోపు మనసు మార్చుకునే చోట, కేసులు వరసగా కొట్టేసే చోట, షీటు ఒక్కటే పోలీసుల చేతిలో ఆయుధమని అంటారు. ప్రాణభయంతో బతికిన కుటుంబాల వైపు నుంచి చూస్తే ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఒకటి గమనించాలి. నిజంగా హత్యలు చేయించే పెద్ద మనిషికి షీటు వల్ల పోయేది తక్కువ. ఆయనకు లాయర్లున్నారు, పార్టీ ఉంది, పార్టీ మారే దారీ ఉంది. ఆయన వెంట తిరిగిన ట్రాక్టరు డ్రైవరు, మోటారు కింద పొలం కాపలా కాసినవాడు మాత్రం నలభై ఏళ్లకు దారి మార్చుకుని వేరే బతుకు బతుకుదామనుకున్నా షీటు వదలదు. వర్గం వదిలి బయటపడినవాడికి బయట చోటు లేకుండా చేస్తే వాడు పోయేది ఎక్కడికి? మళ్లీ ఆ నాయకుడి వాకిట్లోకే. వర్గాన్ని పలచబరచాల్సిన షీటు వర్గాన్ని కట్టిపడేస్తోంది. ప్రభుత్వం మారినప్పుడల్లా షీట్ల జాబితా రంగు మారుతుందని సీమలో అనుకునే మాటలో ఎంత నిజముందో లెక్క తీయాలన్నా, రాతపూర్వకమైన కారణాలు ఉంటేనే సాధ్యం. కారణం రాయాల్సి వస్తే నిజాయితీపరుడైన సీఐకి ఎమ్మెల్యే ఒత్తిడిని తట్టుకునే సాకు కూడా దొరుకుతుంది. నా వాదన పోలీసులకు వ్యతిరేకమనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రయోజనాన్ని ఆలోచించాలి.

కారణాలు చెబితే సమాచారం ఇచ్చినవాడి ప్రాణం మీదకు వస్తుందంటారు. పల్లెలో ఎవరు చెప్పారో ఊహించడం కష్టం కాదు కాబట్టి ఇది నిజమైన ప్రమాదమే. కాడీ రెండో తీర్పు ఈ చిక్కును ఎదుర్కొంది. రహస్య సమాచారం మొత్తం చేతికివ్వక్కర్లేదు, సారాంశం ఇస్తే చాలు, అసలు ఫైలు కోర్టు చూస్తుంది, చూపని దానికి ఎంత విలువ ఇవ్వాలో కోర్టే తేలుస్తుంది అన్నది. మన రాజ్యాంగం కూడా ప్రజాహితానికి విరుద్ధమైన సంగతులు బయటపెట్టనక్కర్లేదని 22వ అధికరణం ఆరో క్లాజులో రాసే పెట్టింది. పేరు దాచి విషయం చెప్పడం పోలీసులకు తెలియని విద్య కాదు.

ఇక ‘కోర్టులున్నాయి కదా, అన్యాయం జరిగితే వెళ్లొచ్చు’ అన్న మాట. 2024 మే 11న, సార్వత్రిక ఎన్నికల ప్రచారం ముగిసే రోజున, సినీ నటుడు అల్లు అర్జున్ నంద్యాలలో తన మిత్రుడైన అభ్యర్థి శిల్పా రవిచంద్రకిశోర్‌రెడ్డి ఇంటికి వచ్చారు. జనం పోటెత్తారు, నిషేధాజ్ఞల ఉల్లంఘన కింద ఇద్దరి మీదా కేసు నమోదైంది. నవంబరు 6న హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆరు నెలలు తిరగకుండా పరిష్కారం దొరికింది, మంచిదే. అదే పరిష్కారం కోసం ఆళ్లగడ్డ నుంచి బయల్దేరే కూలివాడు నంద్యాల చేరి రైలెక్కాలి. గిద్దలూరు, కంభం, మార్కాపురం, నరసరావుపేట దాటి గుంటూరులో దిగాలి, అక్కడి నుంచి అమరావతి. లాయరు ఫీజు, వాయిదాలు, పోయిన కూలి లెక్క వేస్తే షీటును భరించడమే చౌక. కర్నూలులో హైకోర్టు బెంచి కోసం 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది గానీ, తీర్మానం రైలు చార్జీ తగ్గించదు. పోలీసు ముద్ర మనిషిని ఎక్కడిదాకా నెట్టగలదో నంద్యాలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2020 నవంబరులో ఇక్కడి ఆటో డ్రైవరు కుటుంబం, ఇద్దరు పిల్లలతో సహా నలుగురు, కౌలూరు దగ్గర రైలు పట్టాల మీద ప్రాణాలు తీసుకుంది. చేయని దొంగతనం అంటగట్టి పోలీసులు వేధించారని వాళ్లు చివరిసారి మాట్లాడిన వీడియో రాష్ట్రమంతా చూసింది. సీఐని, హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. అది షీటు కేసు కాదు. అయినా, తన మాట ఎవరూ వినరన్న నమ్మకం ఒక ఇంటిని ఏం చేయగలదో అందులో ఉంది.

షీటు దగ్గర అలవాటైన పద్ధతే పైకి పోయేకొద్దీ పెద్దదవుతుంది. 2019లో ఉపా చట్టాన్ని సవరించి, సంస్థలనే కాక వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్రం తీసుకుంది. ముందు వినక్కర్లేదు. పేరు తీసేయమని మొర పెట్టుకోవాల్సింది కూడా మొదట పేరు చేర్చిన ప్రభుత్వానికే. తెలంగాణ ప్రభుత్వం 2021 మార్చిలో విప్లవ రచయితల సంఘం (విరసం) సహా 16 సంస్థలను చట్టవిరుద్ధమని ప్రకటించి, జూన్‌లో ఆ ఉత్తర్వును తనే వెనక్కి తీసుకుంది. మార్చిలో ప్రమాదమైనవి జూన్‌కు ఎలా ప్రమాదం కాకుండా పోయాయో అడిగే హక్కు పౌరులకుంది. ఈ చరిత్రలో నంద్యాలకు విచిత్రమైన చోటుంది. 1977లో ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా దేశం తీర్పు చెప్పినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీ గెలిచిన ఒకే ఒక్క లోక్‌సభ సీటు నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి హోదాలో 44వ రాజ్యాంగ సవరణకు ఆమోదముద్ర వేశారు. ముందస్తు నిర్బంధాల సలహా మండళ్లను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతో ఏర్పాటు చేయాలన్న అందులోని సెక్షన్‌ను ఇన్ని దశాబ్దాల్లో ఏ కేంద్ర ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. 1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచి గెలిచిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగానే 1995 మేలో ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా గడువు తీరి ముగిసింది. అంతకుముందు 1993లో దాన్ని పొడిగించింది కూడా ఆయన ప్రభుత్వమే. మంచీ చెడూ రెండూ మన ఓటు మీదుగానే నడిచాయి.

2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదనీ, వాటి ఆధారంగా రౌడీషీట్లు తెరవడం, స్టేషన్లకు పిలిపించడం గోప్యత హక్కుకు విరుద్ధమనీ తీర్పిచ్చారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం చెప్పాక, ఇక స్టాండింగ్ ఆర్డరు చాలదు, చట్టం కావాలి అన్నది ఆయన తర్కం. పై ధర్మాసనాల ముందు ఆ తర్కం ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. ప్రతిసారీ ఒక్కొక్కరూ కోర్టుకెళ్లి ఒక్కొక్క షీటు కొట్టించుకోవడం పరిష్కారం కాదన్నది మాత్రం తేలిపోయింది. కాడీకి పన్నెండేళ్లు పట్టింది, ఆయన కోటీశ్వరుడు.

కావలసింది ఒక చిన్న చట్టం. షీటు తెరవాలంటే డీఎస్పీ కారణాలు రాయాలి. తెరిచిన 30 రోజుల్లో వాటి సారాంశం ఆ మనిషి చేతికి తెలుగులో అందాలి. జవాబుకు గడువు ఇవ్వాలి, జవాబును తోసిపుచ్చితే ఎందుకో చెప్పాలి. దగ్గర్లోని జిల్లా జడ్జి స్థాయి కోర్టులో, హైకోర్టు దాకా పోకుండా, సవాలు చేసే వీలుండాలి. అక్కడ ఫైలు చూపించి కనీసం ఒక కారణమైనా నిలబెట్టే భారం పోలీసులదే కావాలి. రెండేళ్లు దాటితే, కొత్త ఆధారంతో కొత్త ఉత్తర్వు లేకపోతే, షీటు మూతపడాలి. కోర్టు నిర్దోషి అన్న కేసును షీటుకు ఆధారంగా చూపకూడదు. ఇందులో ఏ ఒక్కటీ హంతకుడికి రక్షణ కాదు. హత్య చేసినవాడిని పట్టుకోవడానికి, శిక్షించడానికి మామూలు చట్టంలో ఏ కొరతా లేదు.

రాష్ట్ర న్యాయశాఖ మంత్రిగా 2024 జూన్‌లో బాధ్యతలు తీసుకున్న ఎన్.ఎం.డి. ఫరూఖ్ నంద్యాల ఎమ్మెల్యే. షీటు సంగతి ఆయనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. బిల్లు ముసాయిదాను ఆయన శాఖే తయారుచేసి శాసనసభ ముందు పెట్టాలి. ఈలోగా నంద్యాల జిల్లాలోని ప్రతి స్టేషను తన దగ్గరున్న ప్రతి షీటుకూ రాతపూర్వకమైన కారణం చూపించాలి, చూపించలేనిది మూసేయాలి. దీనికి చట్టం కూడా అక్కర్లేదు, ఎస్పీ ఉత్తర్వు చాలు.